పాత చీరలు వద్దు, ఆసుపత్రికి తోడు రండి

మీ ప్రశ్నలకు జవాబులు

(మయన్మార్ (పాత పేరు బర్మా) నుంచి పారిపోయి వచ్చి హైదరాబాద్ శివార్లలో ఉంటున్న రోహింగ్యా శరణార్థుల గురించి గత సంచికలో వచ్చిన కథనం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరై, కొన్నేళ్ళుగా బాలాపూర్ ప్రాంతంలో ఆ కుటుంబాలకు తోడుగా ఉంటున్న మా కాలమిస్టు ఈసారి జవాబులు ఇస్తున్నారు.)

ప్రశ్న: మా కాలనీ ఆడవాళ్ళం కలిసి బాలాపూర్ రోహింగ్యాల కోసం నాలుగు బస్తాల పాత బట్టలు, కొంత డబ్బు పోగు చేశాం. ఎవరికి, ఎలా అందజేయాలి?
– ఒక గృహిణి, వనస్థలిపురం

జవాబు: ముందు బట్టల సంగతి తేల్చేద్దాం. ఆ బస్తాలు అక్కడికి తీసుకెళ్ళకండి. చలికాలం మొదలైందంటే ఎవరో ఒకరు వ్యానులో బట్టలు తెచ్చి గుడిసెల ముందు కుమ్మరించి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. పట్టు అంచు చీరలు, బిగుతు ప్యాంట్లు, చిరిగిన స్వెట్టర్లు. ఒళ్ళంతా కప్పుకునే ఆ ఆడవాళ్ళు వాటిలో వేసుకోగలిగినవి ఎన్ని ఉంటాయి? మిగిలినవి వానకు తడిసి ముక్కిపోతాయి. వాటిని ఎత్తి పారేసే పని మళ్ళీ వాళ్ళదే. ఇవ్వాలనుకుంటే కొత్తవే ఇవ్వండి, అదీ అడిగి తెలుసుకున్నాక. ఆడపిల్లలకు లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు కావాలని ఎవరూ నోరు తెరిచి అడగరు, ఎవరూ తేరు కూడా.

బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్ చుట్టుపక్కల వీళ్ళు ఎక్కువగా ఉంటారు. కొందరు అద్దె గదుల్లో, చాలామంది ఖాళీ స్థలాల్లో వెదురు, టార్పాలిన్, పాత ఫ్లెక్సీలతో వేసుకున్న గుడిసెల్లో. ఆ స్థలం యజమానికీ నెలనెలా అద్దె కట్టాల్సిందే. మగవాళ్ళు పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడతారు, లేదా చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరి అమ్ముతారు. ఆ రాబడితో బియ్యం, అద్దె ఎలాగో గడుస్తాయి. అప్పు పుట్టేది ఆసుపత్రి దగ్గర. సర్కారు దవాఖానాలో చూపించుకోవచ్చు, నిజమే. కానీ ఆరోగ్యశ్రీకి ఆహార భద్రత (రేషన్) కార్డు కావాలి, వీళ్ళకు అది ఉండదు. బయట తీయించమన్న స్కానింగు, బయట కొనమన్న మందు, అర్ధరాత్రి నొప్పులొస్తే ఆటో కిరాయి, ఇవన్నీ చేతి డబ్బే. మీరు పోగు చేసిన సొమ్ము దీనికి పనికొస్తుంది. చేతికి ఇవ్వడం కంటే, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థకు ఇచ్చి, 'గర్భిణుల వైద్యానికి' అని రాయించి రసీదు తీసుకోండి. ఆరు నెలల తర్వాత లెక్క అడగండి. మంచి సంస్థ అయితే లెక్క అడిగినందుకు నొచ్చుకోదు.

ఇంకో సాయం ఉంది. మీరు అంత దగ్గరలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. అది డబ్బుతో అయ్యేది కాదు. ఆ ఆడవాళ్ళతో కౌంటరు దాకా వెళ్ళి పక్కన నిలబడడం.

ఒక బాలింతతో జనన ధ్రువపత్రం కోసం వెళ్ళినప్పటి సంగతి చెబుతాను. ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో ఆమె పేరు ఒకలా, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డులో మరోలా, టీకాల కార్డులో ఇంకోలా ఉంది. వాళ్ళకు ఇంటిపేర్లు ఉండవు. ఎవరికి ఎలా వినబడితే అలా రాసేస్తారు. గుమస్తా తల్లిదండ్రుల ఆధార్ అడిగాడు. లేవంది. 'అయితే కాదమ్మా' అని కాగితాలు జరిపేశాడు. ఆమె ఒక్క మాట అనలేదు. కాగితాలను మడత మీద మడత పెట్టి, ప్లాస్టిక్ కవర్లో దోపి, ఆ కవరును జాకెట్ లోపలికి పెట్టుకుని వెనక్కి తిరిగింది. అంత తొందరగా వెనక్కి తిరగడం ఆ తల్లికి చిన్నప్పటి నుంచీ అలవాటు చేశారు. నేను ముందుకు జరిగి, జననాల రిజిస్ట్రేషన్ చట్టానికి 2023లో చేసిన సవరణలో తల్లిదండ్రుల ఆధార్ నంబరు 'ఉంటే' రాయమని మాత్రమే ఉందని, బిడ్డ ఈ దేశంలో పుట్టిందంటే తల్లి ఏ దేశస్థురాలైనా నమోదు చేయాల్సిందేనని చెప్పాను. ఆయన చెడ్డమనిషేమీ కాదు. లోపలికి వెళ్ళి పై అధికారిని అడిగొచ్చాడు. ఆ గడిలో అడ్డగీత గీసి కాగితాలు తీసుకున్నాడు. ఆ మాట ఆమె చెప్పినా చట్టం అదే. కాని, ఆమె చెబితే వినేవాళ్ళు లేరు.

ఈ కాగితానికి నేను ఇంత ప్రాణం పెట్టడానికి కారణం ఉంది. మయన్మార్‌లో 1994 నుంచి రోహింగ్యా బిడ్డలకు జనన ధ్రువపత్రాలు ఇవ్వడం మానేశారు. పుట్టినట్టే రుజువు లేకపోతే, తరిమేశాక 'మీరు మా వాళ్ళే కాదు' అనడం ఎంత సులువో చూడండి. మన దగ్గర ఇచ్చే ధ్రువపత్రంతో ఆ బిడ్డకు భారత పౌరసత్వం రాదు. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టిన పిల్లల విషయంలో తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమ వలసదారు అయినా పుట్టుకతో పౌరసత్వం లేదని మన చట్టం స్పష్టంగా చెబుతోంది. అయినా ఫలానా రోజున, ఫలానా ఊళ్ళో, ఫలానా తల్లికి ఈ బిడ్డ పుట్టిందన్న సాక్ష్యం ఒకటి ప్రపంచంలో ఉంటుంది. బడిలో వేయాలన్నా, రేపు ఏ దేశమైనా ఆశ్రయం ఇస్తానన్నా, తమ ఊరికి తిరిగి వెళ్ళే రోజు వచ్చినా ముందు అడిగేది అదే. పుట్టిన 21 రోజుల్లోపు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి, చెప్పులరిగిపోతాయి. అందుకే మీ కాలనీ నుంచి ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని నెలకు ఒక పూట రాగలిగితే, నాలుగు బస్తాల బట్టలకంటే అది ఎక్కువ.

ప్రశ్న: మన దేశంలోనే పస్తులుండే వాళ్ళు కోట్లలో ఉన్నారు. దొంగతనంగా సరిహద్దు దాటి వచ్చిన వాళ్ళకు సాయమెందుకు? వాళ్ళ దేశానికి వాళ్ళు వెళ్ళిపోవచ్చు కదా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీరు సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెబుతాను.

వాళ్ళ దేశం అన్నారు. ఆ దేశమే వాళ్ళను కాదంది. 1982లో పౌరసత్వ చట్టం తెచ్చాక బర్మా ప్రభుత్వం 135 జాతులను గుర్తించింది, ఆ జాబితాలో రోహింగ్యాలు లేరు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వాళ్ళు ఓట్లు వేశారు, పార్లమెంటులో కూర్చున్నారు. అలాంటి వాళ్ళ చేతిలో చివరికి మిగిలిన తాత్కాలిక తెల్ల కార్డులను కూడా 2015లో రద్దు చేసి, ఆ ఏడాది ఎన్నికల్లో ఓటు లేకుండా చేశారు. పౌరసత్వం లేనివాడికి పాస్‌పోర్టు ఎవరిస్తారు? పాస్‌పోర్టు లేనివాడు ప్రాణభయంతో పరుగెత్తితే ఏ సరిహద్దు దగ్గరైనా అది 'దొంగతనం'గానే కనబడుతుంది.

1978లో దాదాపు రెండు లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 1991–92లో రెండున్నర లక్షల మంది. 2012లో వాళ్ళ సొంత ప్రాంతమైన రఖైన్ రాష్ట్రంలోని సిట్వే చుట్టుపక్కల ఇళ్ళు కాలిపోయి లక్షకు పైగా మంది శిబిరాల పాలయ్యారు. 2017 ఆగస్టు 25న ఒక రోహింగ్యా సాయుధ ముఠా పోలీసు ఠాణాల మీద దాడి చేసి కొందరిని చంపింది. అది నేరమే. దానికి సైన్యం మొత్తం జాతి మీద పడి ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టింది. కొద్ది నెలల్లో ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటారు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ శిబిరాల్లో సర్వే చేసి, మొదటి నెలలోనే కనీసం 6,700 మంది హింసకు బలయ్యారని, వాళ్ళలో కనీసం 730 మంది ఐదేళ్ళలోపు పిల్లలని అంచనా వేసింది. నర్సుగా పనిచేసిన దాన్ని, ఆ రెండో అంకె దగ్గర నేను ఆగిపోతాను. ఇప్పుడు తిరిగి వెళ్ళమంటే ఎక్కడికి? 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కుంది. ఆ తర్వాత రఖైన్ రాష్ట్రంలో సైన్యానికీ, అక్కడి రఖైన్ జాతి సాయుధ దళమైన అరాకాన్ ఆర్మీకీ మధ్య యుద్ధం ముదిరి, 2024 నుంచి మరో లక్షన్నర మంది బంగ్లాదేశ్ చేరారు.

ఇక మన పేదల మాట. ప్రసూతి వార్డులో పాలమూరు కూలీ భార్య, ఒడిశా ఇటుక బట్టీ కార్మికురాలు, రోహింగ్యా తల్లి పక్కపక్క మంచాల మీదే ఉంటారు. చేతిలో కాగితం లేదని వెనక్కి పంపితే ముగ్గురినీ పంపుతారు. ఆధార్ లేకున్నా బిడ్డ పుట్టుక రాయాలని ఆ కౌంటరు దగ్గర ఒకసారి తేలిపోయాక, ఆ వారం ఒక ఒడిశా కుటుంబానికీ పని జరిగింది. మీ ఊళ్ళో ఆకలితో ఉన్నవాళ్ళకు మీరు అన్నం పెడితే నేను చేతులెత్తి దండం పెడతాను. ఒకరికి పెట్టాలంటే ఇంకొకరి నోటి దగ్గరిది లాగాలన్న లెక్క మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: మాది విశాఖ బర్మా క్యాంపు. మా నానమ్మ వాళ్ళు 1960లలో రంగూన్ నుంచి ఓడలో వచ్చారు. 'మనల్ని తరిమిన దేశం వాళ్ళకు మనం సాయం చేయడమేమిటి' అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. ఏం చెప్పాలి?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంట్లో పెద్దవాళ్ళతో వాదించకు. వాళ్ళ కథ వాళ్ళ చేత చెప్పించు, నువ్వు రాసుకో.

రంగూన్ రేవులో మూటలు మోసిన వాళ్ళు ఎక్కువగా మన తెలుగువాళ్ళే. కొరంగి రేవు నుంచి వెళ్ళారని అక్కడ వాళ్ళను కొరంగీలనేవాళ్ళు. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తెచ్చారు. సమ్మె ముగిశాక ఆ కొత్త కూలీలను పంపేయడంతో గొడవ రాజుకుంది. రోజుల తరబడి మనవాళ్ళను వెతికి వెతికి చంపారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరారు. ఒక దారి ప్రోమ్ నుంచి తౌంగప్ కనుమ దాటి అరాకాన్ (ఇప్పటి రఖైన్) తీరానికి, అక్కడి నుంచి అక్యాబ్ మీదుగా ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌కు. కలరాతో, ఆకలితో దారిలోనే వేలాది మంది పోయారు. ఆ అక్యాబ్ పేరే ఇప్పుడు సిట్వే. మీ పెద్దవాళ్ళకు ఈ సంగతి చెప్పు: మనవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచిన తీరమే ఈ రోహింగ్యాల సొంత ఊరు.

నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక, 1964 నుంచి లక్షలాది మంది భారతీయులు నగలూ నగదూ దాదాపుగా అక్కడే వదిలేసి ఓడలెక్కారు. మీ నానమ్మ ఆ తరం. రేవులో దిగిన వాళ్ళకు మన ప్రభుత్వం ఇళ్ళ స్థలాలు ఇచ్చింది, అప్పులిచ్చింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చిన వాళ్ళ పునరావాసం కోసమే 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. ఒక తేడా ఉంది, దాచడం మంచిది కాదు: వాళ్ళు భారతీయులుగా తమ దేశానికి తిరిగొచ్చారు. రోహింగ్యాలకు తిరిగి వెళ్ళడానికి ఇలాంటి రెండో దేశం లేదు. తరిమింది మాత్రం మీ నానమ్మనూ, ఈ తల్లులనూ ఆ దేశపు సైన్యమే. 'తరిమిన దేశం వాళ్ళు' అని వీళ్ళను అనడం అన్యాయం. వీళ్ళూ తరిమించుకున్న వాళ్ళే.

ప్రశ్న: ఆధార్ లేని ఇద్దరు రోహింగ్యా పిల్లలు మా బడికి వచ్చారు. చేర్చుకుంటే ఇబ్బందా? పిల్లలకు తెలుగు రాదు.
– ప్రధానోపాధ్యాయుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: చేర్చుకోండి మాస్టారూ. విద్యాహక్కు చట్టం 2009 పౌరుల పిల్లలని అనలేదు, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ అంది. వయసు రుజువు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదని 14వ సెక్షనులో ఉంది. ఎప్పుడూ బడికి పోని పిల్లను వయసుకు తగిన తరగతిలో వేయాలని 4వ సెక్షనులో ఉంది. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, వాళ్ళు నేరుగా ప్రభుత్వ బడులకు వెళ్ళి అడగాలని, అర్హత ఉండీ నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చని చెప్పింది. మయన్మార్ నుంచి వచ్చిన చిన్ జాతి పిల్లలను బడుల్లో చేర్చుకోమని మిజోరం విద్యాశాఖ 2021లోనే ఈ చట్టాన్ని చూపించే ఆదేశించింది.

పై అధికారి నోటిమాటగా వద్దంటే, ఆ మాట రాసివ్వమని వినయంగా అడగండి. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆన్‌లైన్ ఫారంలో ఆధార్ గడి దగ్గర చిక్కు వస్తే పిల్లలను హాజరు పట్టీలోకి ఎక్కించి, మధ్యాహ్న భోజనానికి కూర్చోబెట్టి, ఆ చిక్కు సంగతి మండల విద్యాధికారికి రాతపూర్వకంగా పంపండి.

భాష గురించి దిగులు పడకండి. వాళ్ళ ఇంటి మాట చిట్టగాంగ్ యాసకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ పెరిగిన పిల్లలకు హైదరాబాదీ ఉర్దూ ఇట్టే పట్టుబడుతుంది, తెలుగు కూడా ఆటలో వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ పిల్లలకు బడి బయట ఒక ఉద్యోగం ఉంటుంది, ఇంటిల్లిపాదికీ దుబాసీ పని. వైద్యుడి గదిలో పది పన్నెండేళ్ళ పాప నిలబడి, తల్లికి రక్తస్రావం ఎన్నాళ్ళుగా అవుతోందో, గర్భం ఎన్నిసార్లు పోయిందో తర్జుమా చేయడం నేను చూశాను. తల్లి కొన్ని మాటలు మింగేసింది, పాప ఇంకొన్ని మింగేసింది. డాక్టరుకు చేరింది సగం. అలాంటి రోజున బడి ఎగ్గొట్టిందని ఆ పాపను కొట్టకండి. ఆ పని చేసే పెద్ద మనిషిని, అదీ ఆడమనిషిని, వెతికిపెట్టడం మా వంటి వాళ్ళ బాధ్యత.

ప్రశ్న: వీళ్ళకు సాయం చేస్తే మామీద కేసు పెడతారా? ఐక్యరాజ్యసమితి కార్డుకు మన దేశంలో విలువ ఉందా?
– న్యాయశాస్త్ర విద్యార్థి, కర్నూలు

జవాబు: అన్నం పెట్టడం, మందు కొనివ్వడం, పాఠం చెప్పడం, వకీలును మాట్లాడిపెట్టడం నేరం కాదు. దొంగ ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు ఇప్పించడం నేరం. 'పదివేలిస్తే కార్డు చేయిస్తా' అనే దళారులు ఆ గుడిసెల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. దొరికితే దళారి మాయమవుతాడు, జైలుకు పోయేది ఆ కుటుంబం. ఎవరైనా శరణార్థి 'కార్డు చేయించుకోనా అక్కా' అని అడిగితే గట్టిగా వద్దనండి. గది అద్దెకిస్తే పోలీసులకు సమాచారం ఇవ్వండి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం కింద కూడా విదేశీయులకు బస ఇచ్చేవాళ్ళకు ఈ బాధ్యత ఉంది. దాచిపెడితే దెబ్బ తగిలేది ముందు వాళ్ళకే.

కార్డు విషయం. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ మనకు లేదు. ఆ కార్డు వీసా కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థ విచారించి ఈ మనిషిని శరణార్థిగా గుర్తించిందన్న సాక్ష్యం మాత్రం అవుతుంది, పోలీసు ఆపినప్పుడు, ఆసుపత్రిలో అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. ప్రాణరక్షణ హక్కు పౌరులకే కాదు, ఈ నేలమీద ఉన్న ప్రతి మనిషికీ ఉందని 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో మాత్రం వెనక్కి పంపకుండా ఆపడానికి ఒప్పుకోలేదు, నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపకూడదని మాత్రం చెప్పింది. ఆ తీర్పు నన్ను చాలా బాధపెట్టింది. అయినా అందులో మిగిలిన ఆ 'పద్ధతి' అన్న మాటను పట్టుకునే మీవంటి వాళ్ళు పనిచేయాలి. న్యాయ సేవల చట్టం 1987 ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. 15100 నంబరుకు ఫోను చేయవచ్చని ఆ గుడిసెల్లో ఎంతమందికి తెలుసు? వాళ్ళ భాషలో చెప్పించండి. మీ చదువు వెంటనే పనికొచ్చే చోటు ఇది.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటున్నాం. బాలాపూర్‌కూ, బంగ్లాదేశ్ శిబిరాలకూ డబ్బు పంపాలని ఉంది. నేరుగా పంపవచ్చా?
– ఒక తెలుగు కుటుంబం, అమెరికా

జవాబు: మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకోండి. భారత పౌరులుగానే ఉంటే మీ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా ఇక్కడి సంస్థకు పంపవచ్చు, అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే దాన్ని తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. 'మా బావమరిది ఖాతాకు వేయండి, నేను పంచుతా' అనే వాళ్ళను నమ్మకండి. మంచి ఉద్దేశంతో పంపిన ఆ సొమ్ము వల్లే ఇక్కడ పనిచేస్తున్న వాళ్ళు చిక్కుల్లో పడతారు.

కాక్స్‌బజార్‌లో కుటుపలాంగ్, బాలూఖాలీ శిబిరాలకైతే ప్రపంచ ఆహార కార్యక్రమం, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వంటి పెద్ద సంస్థల ద్వారానే పంపండి. విరాళాలు తగ్గిపోయి 2023లో మనిషికి నెలకు 12 డాలర్లున్న ఆహార సాయాన్ని ముందు 10కి, తర్వాత 8కి కోసేశారు. తర్వాత మళ్ళీ పెంచారు గానీ, ఆ కోత పడ్డ నెలల్లో బాలింత ఏం తిని ఉంటుందో, బిడ్డకు పాలు ఎలా పడి ఉంటాయో నాకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక్కసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా చిన్న మొత్తం పంపండి.

ప్రశ్న: ఉత్తరాలు రాయడం, సంతకాలు సేకరించడం వల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా?
– జర్నలిజం విద్యార్థి, తిరుపతి

జవాబు: జరుగుతుంది. ఎలాగో చెబుతాను. మొహిబుల్లా అనే బడిపంతులు ఉండేవారు. 2017లో అందరితోపాటు సరిహద్దు దాటి కుటుపలాంగ్ చేరారు. పెద్ద సంస్థలు రాకముందే, చేతిలో పుస్తకం పట్టుకుని, మరికొందరిని తోడు తీసుకుని గుడిసె గుడిసెకూ తిరిగి ఎవరు చనిపోయారు, ఏ ఊరు, ఎలా చంపారు అని రాసుకున్నారు. జనన ధ్రువపత్రాలే లేని జనం మరణాలను ఆ పంతులు కాగితం మీదికి ఎక్కించారు. 2019లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ముందు మాట్లాడారు. అదే ఏడాది ఆగస్టు 25న శిబిరంలో ఆయన పిలిస్తే దాదాపు రెండు లక్షల మంది శాంతియుతంగా వచ్చి కూర్చున్నారు. 2021 సెప్టెంబరు 29 రాత్రి తన కార్యాలయం దగ్గరే ఆయనను కాల్చి చంపారు. ఆయన పేరు తలుచుకోకుండా ఈ పని గురించి నేను మాట్లాడలేను.

రోహింగ్యాల సాక్ష్యాలు ఊరికే పోలేదు. ఆఫ్రికాలోని గాంబియా దేశపు అప్పటి న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబదూ, అంతకుముందు రువాండా మారణహోమం కేసుల్లో పనిచేసిన మనిషి, 2018లో కాక్స్‌బజార్ వచ్చి వాళ్ళ మాటలు చెవులారా విన్నారు. 2019 నవంబరులో ఆ చిన్న దేశం మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో మారణహోమం కేసు వేసింది. 2020 జనవరి 23న రోహింగ్యాలను కాపాడాలని, సాక్ష్యాలను చెరపకూడదని న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఆదేశించారు.

మనం అంత దూరం పోనక్కర్లేదు. తిరుపతిలో కూర్చుని నువ్వు చేయగలిగింది నీ వార్తలో వాళ్ళను 'చొరబాటుదారులు' అని రాయకపోవడం. ఒకడు దొంగతనం చేస్తే ఆ ఒక్కడి నేరంగానే రాయడం. కలెక్టరుకు, ఎమ్మెల్యేకు రాసేటప్పుడు 'శరణార్థులను ఆదుకోండి' అని రాయకు. ఏ కౌంటరులో, ఏ తేదీన, ఏ కాగితం అడిగి వెనక్కి పంపారో రాయి, ఆ చట్టం సెక్షను రాయి. అలాంటి ఉత్తరానికి జవాబు ఇవ్వక తప్పదు. నేను రాసిన వాటిలో పని జరిగినవన్నీ అలాంటివే. మిజోరంలో చూడు, 2021 మార్చిలో చిన్ శరణార్థులను రానివ్వవద్దని కేంద్రం చెప్పినా, అక్కడి చర్చిలు, యువజన సంఘాలు ఊళ్ళో బియ్యం పోగుచేసి శిబిరాలు నడిపాయి. ప్రజలు అలా నిలబడ్డారు కాబట్టే అప్పటి ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి లేఖ రాయగలిగారు.

సాక్ష్యం రాసుకునేటప్పుడు ఒక నియమం పెట్టుకో. జరిగిన ఘోరాన్ని పదేపదే చెప్పించకు. అత్యాచారం గురించి మగవాడివి నువ్వు అడగనే అడగకు. ముఖం ఫొటో తీయకు. ఊళ్ళో మిగిలిన అన్నదమ్ములను ఆ ఫొటో చంపగలదు.

ప్రశ్న: మా కాలేజీ నుంచి ఒక ఆదివారం ముప్ఫై మంది వచ్చి సేవ చేయాలనుకుంటున్నాం. ఎప్పుడు రమ్మంటారు?
– ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు, కరీంనగర్

జవాబు: ముప్ఫై మంది వద్దు నాయనా. అంతమంది బస్సు దిగితే పోలీసులు వచ్చారేమోనని పిల్లలు గుడిసెల వెనక్కి పరుగెత్తుతారు. ఇద్దరు రండి, వీలైతే ఒకరు అమ్మాయి అయి ఉండాలి. ఆదివారం ఆఫీసులు మూసి ఉంటాయి, పనిదినాన రండి. మిగిలిన ఇరవై ఎనిమిది మందీ అక్కడే ఉండి టార్పాలిన్లకు డబ్బు పోగుచేయండి. తక్కువ రకం ప్లాస్టిక్ షీటు ఎండకు పెళుసెక్కి మొదటి గాలివానకే చీలిపోతుంది, కొంచెం ఖరీదైనా మందంగా, అంచుల్లో తాడు కట్టే రంధ్రాలున్నవి కొనండి. వెదురు, ప్లాస్టిక్ గుడిసెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఒక్క పొయ్యి నిప్పు చాలు. కాబట్టి షీట్లతోపాటు ప్రతి వరుసకూ ఇసుక బకెట్లు కూడా ఉండాలి. కొలతలు మేం పంపుతాం. రోహిణి కార్తె ముగిసేలోపు చేరితేనే పనికొస్తాయి, తొలకరి పడ్డాక తెస్తే అప్పటికే బియ్యం తడిసిపోయి ఉంటాయి.